పల్లపు గదులలో బూజు – గుర్తింపు, నివారణ

మన తెలుగులో 'బూజు' అనే ఒక్క మాట రెండు వేర్వేరు వస్తువులకు పేరుగా ఉన్నది. సాలెపురుగు అల్లి విడిచిన గూటికి దుమ్ము పట్టి ఇంటి మూలలలో వేలాడేది బూజే. నిలవ పచ్చడి మీద, తోలు చెప్పుల మీద, చెమ్మగోడ మీద మొలిచేదీ బూజే. మొదటిది పురుగు వడికిన దారం. రెండవది ప్రాణమున్న శిలీంధ్రం. ఉర్దూలో ఈ చిక్కు లేదు. మొదటిదానిని 'జాలా' అనీ, రెండవదానిని 'ఫఫూందీ' అనీ విడివిడిగా పిలుస్తారు. రెండు భాషలూ వినిపించే ఇంట పుట్టి పెరిగినవారము కనుక ఈ భేదం మాకు ముందే తట్టి ఉండవలసినది. తట్టలేదు. తెలుగు మాటనే పట్టుకొని, గోడకు పట్టిన బూజును కూడా చీపురుతో దులిపేదే అనుకున్నాము. భాషాబోధకులమైన మేము ఒక మాట వలన మోసపోయిన ఆ వృత్తాంతమే ఈ వ్యాసానికి కారణం.

మాటల సంగతి వచ్చింది గనుక మరొకటి కూడా చెప్పి ముందుకు సాగుతాము. ఇంటి బూజును గూర్చి ఆంగ్లంలో వ్రాసిన పుస్తకాలన్నీ 'బేస్‌మెంటు' అనే గదితో మొదలవుతాయి. అమెరికాలోను, యూరప్ దేశాలలోను చాల ఇళ్ళకు నేల అడుగున ఒక గది ఉంటుంది; అదే వారి బేస్‌మెంటు. మనవైపు తాపీమేస్త్రీ "మాష్టారూ, బేస్‌మెంటు మూడడుగులు లేపుదామా?" అని అడిగితే, అతడు చెప్పేది నేల కింది గదిని గూర్చి కాదు, నేలకు పైన ఇంటిని నిలబెట్టే అరుగు ఎత్తును గూర్చి. వారికి దిగేది, మనకు ఎక్కేది. ఈ తారుమారుకు నవ్వుకోవచ్చును గాని, అందులో మన పెద్దల తెలివి దాగి ఉన్నది. మెట్ట సీమలలో జొన్నలకు పాతరలు తవ్వుకున్నారు; కృష్ణా కాలువల కింది పల్లెలలో ధాన్యాన్ని నేలకు పైనే గాదెలలోను, పురులలోను పోసుకున్నారు. కొద్ది లోతుననే నీరు ఊరే నేలలో గొయ్యి తవ్వి సొత్తు దాచుకోరాదని వారికి తెలుసును. మన ఉంగుటూరు అటు నూజివీడు మామిడి మెట్టకు, ఇటు కాలువ మాగాణికి నడుమనున్న ఊరు. ఇక్కడ కూడ ఇల్లంటే రెండు మెట్లెక్కి వెళ్ళేదే.

అయితే ఆ మెట్లు ఇప్పుడు ఎక్కడున్నవి? మా దాదా కట్టించిన ఇంటికి వీధి నుండి రెండు మెట్లు ఎక్కి వెళ్ళేవారట. కంకర రోడ్డు పడినది. దాని మీద తారు పడినది. తారు మీద సిమెంటు పడినది. పాత పొరను తవ్వి తీయకుండ కొత్త పొర పరచడం మన వీధులకు అలవాటు. ఇప్పుడు మేము వీధి నుండి ఇంటిలోనికి ఒక మెట్టు దిగుతున్నాము. వెనుక గది అంతకంటె పల్లం. ఈ కథ మా ఒక్క ఇంటిది కాదు. విజయవాడలోను, గుడివాడలోను, ఏలూరులోను పాతపేటలు తిరిగి చూసినవారికి ఇటువంటి ఇళ్ళు వరుసగా కనబడతాయి. ఎవరును తవ్వకుండనే, ఎవరును కోరకుండనే, మనకు కూడ బేస్‌మెంట్లు ఏర్పడినవి. పైగా పాశ్చాత్యులు తమ నేలగదికి వెలుపలివైపు నీరు చొరకుండ పూతలు వేసి, అడుగున గొట్టాలు అమర్చి కడతారు. మన గోడ వీధికి పైన నిలబడడానికి కట్టినది. అది భూమిలో మునిగి ఉండవలసివస్తుందని కట్టినవాడు అనుకోలేదు.

మా వెనుక గదిలో వేసవిలో మామిడి కాయ మాగవేస్తాము. బంగినపల్లి గాని, రసాలు గాని, వరిగడ్డి పరచి దాని మీద కాయ పేర్చి, పైన మరల గడ్డి కప్పి తలుపు మూస్తే ఆ వేడికి పండుతాయి. గాలి ఆడకపోవడం ఆ పనికి గుణం. మృగశిర ప్రవేశించి పండ్లు అయిపోయిన తరువాత ఆ గడ్డిని వెంటనే తీసివేయము. 'రేపు చూద్దాము' అంటాము. ఆ గదిలోనే మా దాదా ట్రంకు పెట్టె, అందులో ఆయన ఉర్దూ పుస్తకాలు, మా విద్యార్థిదశ నాటి తెలుగు పుస్తకాలు ఉండేవి. ముందు వాసన వచ్చినది. ముక్కిన బియ్యపు వాసన. తరువాత గోడ అడుగున నల్లని చుక్కలు, మామిడికాయ మీద మచ్చ తెగులు చుక్కల వలెనే. ఆ పోలిక ఊరక వచ్చినది కాదు. మామిడి మచ్చ తెగులు కూడ ఒక శిలీంధ్రం వలననే వస్తుంది.

2024 ఏప్రిలులో రంజాన్ పండుగకు ముందు ఇల్లు శుభ్రం చేస్తూ మా అమ్మ ఆ గోడను పొడి చీపురుతో పైనుండి కిందికి దులిపినది. నల్లపొడి లేచినది. తలుపు మూసియున్నది. ఆ రాత్రి ఆమెకు దగ్గు పట్టి, తెల్లవారుజామునకు ఊపిరి అందక ఆసుపత్రికి తీసుకొని వెళ్ళవలసివచ్చినది. పూర్వం నుండి కొంచెం ఉబ్బసం ఉన్న మనిషి. మందు ఆవిరి పట్టిన తరువాత డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఇంట్లో చెమ్మగోడ ఉన్నదా?" అని. పండుగనాడు ఆమె మంచం మీదనే ఉన్నది. సేమ్యా ఆ ఏడు మేమే కాచాము. దానిని గూర్చి చెప్పకపోవడమే మంచిది.

శాస్త్రవిషయం కొంత తెలుసుకొందాము. శిలీంధ్రాల సిద్ధబీజాలు కంటికి కనబడనంత చిన్నవి. అవి గాలిలో ఎల్లప్పుడును ఉంటాయి. అవి లేని ఇల్లు లేదు. 1928లో లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ మూకుడులోనికి పిలవకుండనే వచ్చి పడి, పెనిసిలిన్‌కు కారణమైనది అటువంటి బీజమే. కనుక బూజు బీజాలను ఇంటిలోనికి రానీయకుండ చేయడం అసాధ్యం. అవి మొలకెత్తడానికి కావలసినవి ఆహారం, వెచ్చదనం, తడి. ఆహారం కాగితంలో, కొయ్యలో, బట్టలో, పుస్తకపు కుట్టుకు పూసిన పిండి జిగురులో, గోడ మీది దుమ్ములో కూడ ఉన్నది. వెచ్చదనానికి మన కోస్తాలో కొదువ లేదు. ఇక మన చేతిలో మిగిలినది తడి ఒక్కటే. తడిసిన వస్తువు ఒకటి రెండు రోజులలో ఆరిపోతే బూజు సాధారణంగా పట్టదు. గదిలోని గాలి సాపేక్ష ఆర్ద్రత 60 శాతం లోపున ఉంటే దానికి బలముండదు. వానకాలపు ఉదయాలలో మన ప్రాంతపు ఆర్ద్రత 80 శాతం దాటడం సామాన్యం.

ఈ పాఠం మన ఇళ్ళలో తెలియనిదా అంటే, అదీ కాదు. ఆవకాయ జాడీ వద్ద మన ఆడవారు పాటించే నియమాలు చూడండి. ముక్కను కడిగి, గుడ్డతో తుడిచి, ఆరబెట్టిన తరువాత గాని కత్తి పెట్టరు. తడి గరిటె జాడీలో పడితే ఇల్లంతా గొడవ. పైకి నూనె తేలి నిలిచేటట్లు చూస్తారు. ఏ వృక్షశాస్త్రమును చదవకుండనే, బూజుకు తడి అందనీయరాదనే సూత్రాన్ని తరతరాలుగా అమలుపరుస్తున్నారు. జాడీ విషయంలో ఇంత శ్రద్ధగల ఇంటిలోనే, అదే జాడీని పెట్టిన గది గోడ మోకాలి ఎత్తున చెమ్మగిల్లుతూ ఉంటే 'వానకాలం కదా' అని ఊరుకొంటాము.

గోడ మీద కనబడే ప్రతి మరకయు బూజు కాదు. మన పాత ఇటుక గోడలలో ఎక్కువగా కనబడేది ఉప్పు. నేలలోని నీరు ఇటుకలోని సన్నని రంధ్రాల గుండా, దీపపు వత్తిలో నూనె వలె, పైకి ఎక్కుతుంది. సుమారు మూడడుగుల వరకు ఎక్కి, అక్కడ ఆరి, తనతో తెచ్చిన లవణాలను గోడపై విడుస్తుంది. తెల్లగా, పెళుసుగా, వ్రేలితో నలిపితే పొడి అయ్యేది అదే. నీటిచుక్క వేస్తే ఉప్పు కరిగిపోతుంది. బూజు కరగదు, అణగుతుంది. ఉప్పు ఇటుక మీదను, పూత మీదను మాత్రమే పుడుతుంది. బూజు అక్కడి నుండి కొయ్య తలుపుకు, దిండుకు, పుస్తకానికి పాకుతుంది. నల్లని మరక మసియో బూజో తెలియకపోతే బ్లీచింగు నీరు ఒక చుక్క అద్ది కొద్ది నిమిషాలు చూస్తే, బూజు రంగు తేలిపోతుంది, మసి అట్లే ఉంటుంది. కంటికి ఏమియు కనబడకపోయినను ముక్కకంపు వస్తున్నదంటే బీరువా వెనుకనో, చాప కిందనో అది ఉన్నదనియే లెక్క. ఉప్పు బూజు కాకపోయినను, తడి వచ్చిన దారి చూపే గుర్తు అది; దానిని చులకన చేయరాదు.

మరక గుర్తించిన తరువాత తేల్చుకోవలసినది ఆ తడి ఎక్కడిదనే విషయం. గోడలోనుండి వస్తున్నదా, గాలిలోనుండి వచ్చి గోడపై చెమర్చుచున్నదా? దీనికొక సులభమైన పరీక్ష ఉన్నది. మన విద్యార్థులు ఇంటివద్ద చేసి చూడవచ్చును. అడుగు పొడవు, అడుగు వెడల్పు గల పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాన్ని గోడ పొడిగా కనబడుతున్న వేళ గోడకు ఆనించి, నాలుగు అంచులను గాలి చొరకుండ టేపుతో అంటించండి. ఒకటి రెండు రోజులు ఆగి చూడండి. గోడవైపు నీటిబిందువులు కడితే తడి గోడలోనిది. గదివైపు కడితే అది గాలిలోనిది. ఈ పరీక్ష చేయకుండ రంగుల డబ్బాలు కొనడం, జ్వరం ఏదో తెలియకుండ మందు మ్రింగడం వంటిది.

మేము పరీక్ష చేయలేదు. ఆ మే నెలలో ఒక మేస్త్రీ సలహాపై పాత సున్నపు పూతను చెక్కించి, గట్టి సిమెంటు పూత వేయించి, పైన మెరిసే ప్లాస్టిక్ పెయింటు వేయించాము. చేతికి తడి తగలలేదు. సంతోషించాము. ఆగస్టు వచ్చేసరికి మోకాలి ఎత్తున ఉండే చెమ్మ నడుము ఎత్తుకు ఎక్కినది; పెయింటు బొబ్బలు పోసినది; బొబ్బల కింద నల్లగా బూజు. జరిగినదేమనగా, పాత సున్నపు పూత గుల్లగా ఉండి లోపలి తడిని గదిలోనికి వదిలివేస్తూ ఉండేది. సిమెంటు ఆ దారి మూసినది. నేలనుండి ఎక్కే నీరు ఆగలేదు. బయటపడడానికి చోటు వెదుకుచు ఇంకా పైకి పోయినది. డబ్బు ఖర్చు పెట్టి రోగాన్ని ఎత్తు పెంచుకున్నాము.

సున్నం విలువ అప్పుడు తెలిసినది. సంక్రాంతికో, రంజానుకో గోడకు సున్నం కొట్టించడం అలంకారమనియే అనుకుంటాము. తడిపిన సున్నం తీవ్రమైన క్షారం. దాని మీద శిలీంధ్రం బ్రతుకజాలదు. అయితే అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని క్రమంగా మరల సున్నపురాయిగా మారుతుంది గనుక ఆ క్షారగుణం తరిగిపోతుంది. ఏటేటా కొట్టించే ఆచారానికి అర్థం ఇదే.

ఆ సెప్టెంబరు 1వ తేదీననే బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ తదితర పేటలను ముంచెత్తినది. రోజుల తరబడి ఇళ్ళలో నీరు నిలిచినది. నీరు తీసిన తరువాత బురద కడగడం అందరును చేశారు. గోడలు ఆరబెట్టడం అందరి వలన కాలేదు. నీట నానిన ఇంటిని కడిగి తాళం వేసి బంధువుల ఇంటికి వెళ్ళినవారు తిరిగివచ్చి తెరిచినప్పుడు ఎదురయ్యేది ఈ శిలీంధ్రమే. నానిన పరుపులు, ప్లైవుడ్ సామాను మోహం విడిచి పారవేయవలసినదే. కొయ్యసామాను, గోడలు మాత్రం కడిగి, తలుపులు తెరిచి, ఫ్యాన్లు పెట్టి వారాల తరబడి ఆరనీయాలి. తడి గోడకు తొందరపడి రంగు వేయడమంటే లోపలి నీటికి మూత పెట్టడమే.

ఆరోగ్యాన్ని గూర్చి అతిగా భయపడనక్కరలేదు, అలక్ష్యమును పనికిరాదు. 2021లో కోవిడ్ రెండవ ఉధృతినాడు 'బ్లాక్ ఫంగస్' అనే పేరు విని, గోడ మీది నల్లని బూజును చూచి బెదిరినవారు ఉన్నారు. ఆ వ్యాధి మ్యూకర్ జాతి శిలీంధ్రాల వలన, ముఖ్యంగా మధుమేహం అదుపు తప్పినవారికి, స్టెరాయిడ్ మందులు ఎక్కువగా వాడినవారికి వచ్చినది. చచ్చిన కండ నల్లబడుట వలన ఆ పేరు పడినది గాని, గోడ నలుపునకు దానికి సంబంధం లేదు. అయితే చెమ్మ ఇళ్ళలో నివసించేవారికి దగ్గు, ఆయాసం, ఉబ్బసం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నవి. ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో అవాబ్ ఇస్‌హాక్ అనే రెండేండ్ల బాలుడు 2020 డిసెంబరులో శ్వాసవ్యాధితో మరణించినాడు. సూడాను నుండి వచ్చిన తలిదండ్రులు తమ అద్దె ఇంటి బూజును గూర్చి ఎన్నోసార్లు మొరపెట్టుకున్నారు. వారు నివసించే పద్ధతిదే లోపమన్నట్లు జవాబులు వచ్చినవి. ఇంటి బూజే మరణకారణమని 2022 నవంబరులో మరణవిచారణాధికారి తేల్చినారు. ఆ పిల్లవాని పేరుమీదనే అక్కడ 2023లో చట్టం వచ్చినది. సామాజిక గృహాల యజమానులు చెమ్మ, బూజు ఫిర్యాదులను నిర్ణీత గడువులో విచారించి బాగుచేయాలనే నియమాలు 2025 అక్టోబరు నుండి అమలులోనికి వచ్చినవి. మన దేశంలో అద్దెకున్నవాడు చెమ్మను గూర్చి అడిగితే 'సర్దుకోండి' అనే మాటే ఇంకా వినబడుతున్నది.

ఇక శుభ్రపరచే పద్ధతి. బూజును పొడిగా దులపరాదు. ఎండి చచ్చిన బూజు కూడ ఊపిరికి చెరుపే. ముక్కుకు నోటికి మాస్కు కట్టుకొని, చేతికి తొడుగు వేసుకొని, గోడను ముందు తడిపి, సబ్బునీటిలో ముంచిన గుడ్డతో తుడవాలి. గుడ్డను ఆ తరువాత పారవేయాలి. ఉబ్బసం ఉన్నవారిని, పసిపిల్లలను ఆ దరిదాపులకు రానీయరాదు. నున్నని పలకలకు బ్లీచింగు నీరు పనిచేస్తుంది. గుల్ల గోడలో అది లోతుకు దిగదు. బ్లీచింగు నీటితో స్నానాలగది యాసిడ్‌ను ఎన్నడును కలుపరాదు. రెండును కలిస్తే క్లోరిన్ వాయువు పుట్టి ప్రాణాపాయం కలుగుతుంది. 'రెండూ బలమైనవే, కలిపితే ఇంకా బలం' అనే తర్కం ఇక్కడ పనికిరాదు.

కిటికీలు తెరవడంలో కూడ వేళ ఉన్నది. పల్లపు గది నేల చల్లగా ఉంటుంది. ముసురు పట్టిన నాడు తలుపులు బార్లా తెరిస్తే బయటి తడిగాలి లోనికి వచ్చి ఆ చల్లని నేలపై చెమటగా కడుతుంది. ఎండ కాసి గాలి పొడిగా ఉన్న వేళ తెరవాలి, ముసురునాడు మూయాలి. పల్లమైన ఇంటిలో మట్టి పోసి నేలను మెరక చేయడం చాలమంది చేస్తున్నారు. నేల పొడిబారుతుంది గాని, కొత్త మట్టి గోడకు ఆనినంత మేర తడి గోడలో అంత పైకి ఎక్కుతుంది. ఇంటినే జాకీలతో లేపే పద్ధతి వచ్చినది. అది అందరి జేబుకు అందేది కాదు.

మా ఇంటిలో 2025 వేసవిలో చేసినది చవకైన పని. వీధివైపు గోడకు ఆని పేరుకొన్న మట్టిని రెండడుగుల లోతున తీయించి, అక్కడ కంకర నింపి, వాననీరు దూరంగా మురుగు కాలువకు పోయేటట్లు వాలు పెట్టించాము. సిమెంటు పూతను పగులగొట్టించి గోడను వేసవి అంతయు ఆరనిచ్చి, మరల సున్నపు పూత వేయించాము. అది వేసే పనివాడు దొరకడానికి నెల పట్టినది. సున్నంతో పని తెలిసిన చేతులు ఇప్పుడు కరువు. ఆ వానకాలంలో చెమ్మ జానెడు ఎత్తుకు దిగినది. ఉత్తరపు మూల మాత్రం ఇంకా ముక్కకంపు పోలేదు. మాగవేసిన గడ్డిని ఆఖరి పండు తీసిన నాడే బయట వేస్తున్నాము.

పుస్తకాల సంగతి చెప్పవలసియున్నది. ట్రంకులో సగానికి పైగా చెడినవి. పిండి జిగురుతో అతికిన అట్టలు ముందుగా పోయినవి. కాతిబు చేతివ్రాతతో అచ్చైన పాత ఉర్దూ పుటలు ఒకదానికొకటి అంటుకొని విడదీయరాలేదు. అందులో పచ్చి వేపాకు వేసినది మేమే. వేపాకు పురుగును రానీయదేమో గాని బూజును ఆపదు; పచ్చి ఆకు పెట్టెలోనికి తడిని కూడ తెచ్చినది. మిగిలిన వాటిని ఆరుబయట నీడలో గాలికి పరచి, మెత్తని కుంచెతో ఒక్కొక్క పుట తుడిచి, పూర్తిగా ఆరిన తరువాత లోపలికి తెచ్చాము.

మన కళాశాల గ్రంథాలయంలో కూడ ఉత్తరపు గోడకు ఆనించి రెండు బీరువాలు ఉన్నవి. ఒకదానిలో తెలుగు ప్రబంధాలు, మరొకదానిలో ఉర్దూ కవితా సంపుటాలు. గత నవంబరులో వాటి వెనుక చేయి పెట్టి చూచాము. గోడ చల్లగా, జిగటగా ఉన్నది. ఆ బీరువాలను గోడకు జానెడు ఎడంగా జరిపి, అడుగున ఇటుకలు పెట్టించి, వెలుపల ఆ గోడ మీదికి నీరు కారుస్తున్న మేడ గొట్టాన్ని వానలకు ముందుగా మార్పించవలసినదని కమిటీ పెద్దలకు మనవి చేస్తున్నాము. బీరువాలు జరపడానికి నలుగురు విద్యార్థులు చాలును. ఇటుకలు మా ఇంటివద్ద మిగిలినవి ఉన్నవి.